పాత ఈపీఏబీఎక్స్ బ్యాకప్: మళ్లీ టేపా, ఫ్లాష్ కార్డా? ఏది మేలు?

ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజే ఈపీఏబీఎక్స్. వాటిలో డెఫినిటీ రకం ఎక్స్ఛేంజీలు ఏటీ అండ్ టీ కంపెనీ కాలంలో వచ్చినవి. 1996లో ల్యూసెంట్ కంపెనీకి, 2000లో అవాయా కంపెనీకి చేరాయి. టేపు డ్రైవుతో ఇంకా వాటిని నడుపుతున్న ఆఫీసుల్లో డ్రైవు మొరాయించగానే వచ్చే ప్రశ్న ఒకటే: కొత్త టేపు కొందామా, టేపునే వదిలించుకుందామా? చాలామంది రేటు చూసి తేల్చేస్తారు. ముందు చూడాల్సింది ఆ టేపు చేసే పని.

ఎక్స్‌టెన్షన్లు, బయటి కాల్స్ నడిచే ట్రంకు లైన్లు, ఎవరికి ఎస్‌టీడీ ఇచ్చారో ఎవరికి ఇవ్వలేదో అన్నీ సిస్టమ్ నడుస్తున్నంతసేపూ మెమరీలో ఉంటాయి. కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా చేతులెత్తేస్తే మెమరీ ఖాళీ. మళ్లీ లేచేటప్పుడు సిస్టమ్ చదువుకునేది టేపునే. అది చదవకపోతే ఆఫీసు మొత్తానికి ఫోన్లు లేవు. టెన్షన్ అంతా అక్కడే.

టేపుకు టేపే పెడితే ఖర్చు తక్కువ, సిస్టమ్‌లో ఏదీ మార్చక్కర్లేదు. కానీ ఈ పావు అంగుళం కార్ట్రిడ్జ్ 3ఎం 1972లో తెచ్చిన పద్ధతి. లోపల సన్నటి సాగే బ్యాండు ఒకటి రెండు రీళ్లనూ తిప్పుతుంది. డ్రైవులోని రబ్బరు రోలరు కార్ట్రిడ్జ్ అంచున ఉన్న చిన్న చక్రానికి ఆని ఆ బ్యాండును నడుపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ బ్యాండు పట్టు వదులుతుంది. రోలరు రబ్బరు మెత్తబడి, వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. సీలు విప్పని టేపులోనూ ఆ బ్యాండు వయసు ఆగదు. అందుకే పెట్టె మీద ‘కొత్తది’ అని ఉన్నా నాకు నమ్మకం కుదరదు. రోలరు బాగు చేయించకుండా టేపు మాత్రమే మారిస్తే డబ్బు దండగ.

డెఫినిటీలోనే తర్వాతి రకాల్లో టేపు బదులు పీసీఎంసీఐఏ ఫ్లాష్ కార్డు (పాత ల్యాప్‌టాప్ స్లాట్లలో పెట్టే రకం మెమరీ కార్డు) వచ్చింది. కదిలే భాగాలు లేవు, సేవ్ చేయడం త్వరగా అయిపోతుంది. చిక్కల్లా దానికి మారడంలోనే ఉంది: ప్రాసెసర్ బోర్డు, దానితోపాటు సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా మారాల్సి రావచ్చు. కంప్యూటర్ షాపులో దొరికిన కార్డేదో తెచ్చి దూర్చకండి, పార్టు నంబరు చూసే కొనాలి.

ఏడాదిలోపు కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లకు మారిపోయేవాళ్లకు బోర్డుల ఖర్చు ఎందుకు? రోలరు బాగు చేయించి, రెండు టేపులు పెట్టుకుంటే చాలు. ఇంకా కొన్నేళ్లు ఇదే నడవాలంటే మాత్రం ఫ్లాషే మేలు, సందేహం లేదు. ఆసుపత్రి లాంటి చోట అయితే ఈ నెలే పని మొదలుపెట్టమంటాను.

ఏది ఎంచుకున్నా ముందు ఒక పని చేయండి. టెర్మినల్‌లో లాగ్ ఆన్ చేసుకుని ‘లిస్ట్ స్టేషన్’, ‘లిస్ట్ కాన్ఫిగరేషన్ ఆల్’, ‘డిస్‌ప్లే డయల్‌ప్లాన్’ కమాండ్లు కొట్టి, వచ్చిందంతా ఫైలుగా దాచుకోండి. దాన్ని సిస్టమ్ నేరుగా చదవలేదు, కానీ అంతా పోయిన రోజు చేత్తో ఎక్కించుకోవడానికి ఆధారం అదే. పాత టేపు మీద మళ్లీ రాయకుండా పక్కన పెట్టి, కొత్తదాని మీద ‘సేవ్ ట్రాన్స్‌లేషన్’ (మెమరీలోని సెట్టింగులను రాసే కమాండ్) ఇవ్వండి. కొన్ని రకాల్లో సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కూడా టేపు మీదే ఉంటుంది, వాటికి ఖాళీ టేపు సరిపోదు. సేవ్ అయిందని తెర మీద వచ్చినా అక్కడితో ఆగకండి. ఒక ఆదివారం, సర్వీసు ఇంజనీరును పక్కన పెట్టుకుని, కొత్తదాని నుంచే సిస్టమ్‌ను లేపి చూడండి.