కెమెరాతో పాటు సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

మిరపకాయల గ్రేడింగ్ కోసం ఒక కెమెరా, దాని బొమ్మని తెర మీద చూపించే విండోస్ ప్రోగ్రాం కలిపి విజయవాడలో ఒకరి దగ్గర కొన్నాం. పేరు రాయను. మాకు జరిగింది మాత్రం ఇంకొకరికి జరగకూడదు.

వాళ్ల ఆఫీసులో డెమో బాగానే ఉంది. 640×480 సైజులో, నలుపు తెలుపుల్లో చూపించారు. సగానికి పైగా అడ్వాన్స్ ఇచ్చేశాం. తీరా గుంటూరులో మా షెడ్డులో బెల్టు మీద బిగించేసరికి తేజ రకం ఎర్రకాయలు నీలంగా కనబడ్డాయి. బెల్టు వెడల్పుకి తగ్గట్టు ఫ్రేమ్ (కెమెరా తీసే బొమ్మ) వెడల్పు మారిస్తే బొమ్మంతా ఏటవాలుగా జారిపోయి రంగురంగుల చారలు. ఫోన్ చేస్తే "కెమెరా పాడైందండీ, మార్చాలి, దానికి ఎక్స్‌ట్రా అవుతుంది" అన్నారు.

అది అబద్ధం. అదే కెమెరాని తయారీ కంపెనీ ఉచితంగా ఇచ్చే వ్యూయర్‌లో తెరిస్తే కాయ ఎర్రగా, తాలు (రంగు పోయిన కాయ) తెల్లగా చక్కగా ఉన్నాయి.

అసలు సంగతి ఇదీ. కెమెరా పంపేది ఫోటో కాదు, ఒకదాని వెనక ఒకటి వచ్చే బైట్లు. కలర్‌లో పిక్సెల్‌కి మూడు. మా కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో పంపుతుంది. విండోస్ బొమ్మని పెట్టుకునే 24 బిట్ల బిట్‌మ్యాప్‌లో ఉండాల్సిన వరుస నీలం, ఆకుపచ్చ, ఎరుపు. మధ్యలో మార్చకపోతే ఎరుపు నీలమైపోతుంది. నలుపు తెలుపు డెమోలో ఇది ఎవరికీ కనబడదు.

ఏటవాలు సంగతీ అంతే. బిట్‌మ్యాప్‌లో ప్రతి అడ్డవరుస బైట్ల లెక్క 4తో తెగాలి. 640 వెడల్పుకి కలర్‌లో 1920 బైట్లు, తెగుతుంది. 1002 వెడల్పుకి 3006, తెగదు. అందుకే చివర 2 ఖాళీ బైట్లు చేర్చి 3008 చేస్తారు. వరుసకి పట్టే ఈ మొత్తం బైట్లనే స్ట్రైడ్ అంటారు. ఒక్కో వరుసా విడిగా కాపీ చేయకుండా డేటా అంతా ఒకేసారి దింపేస్తే ప్రతి వరుసా పైదానికంటే కొంచెం పక్కకి జరుగుతుంది. ఇలాంటి ప్రోగ్రాంలు రాయడానికి వాడే డాట్‌నెట్‌లో బిట్‌మ్యాప్‌కి స్ట్రైడ్ విడిగా ఇచ్చే చోటు ఉంది, అలాంటిదే అయిన క్యూటీలో బొమ్మని పట్టుకునే క్యూఇమేజ్‌కీ ఉంది. కొద్ది లైన్ల పని. దానికి కొత్త కెమెరా ఖర్చు మన నెత్తిన వేయడం దారుణం.

రంగు చూసి రేటు కట్టే సరుకు మనది. ఎర్రకాయని నీలంగా చూపే ప్రోగ్రాం మీద గ్రేడింగ్ వదిలేస్తే లాట్ మొత్తం నష్టం.

కాబట్టి డెమోకి మీ కాయలే పట్టుకెళ్లండి. కలర్‌లో, వాళ్ల ఫైల్ కాకుండా లైవ్‌లో చూపించమనండి. ఫ్రేమ్ వెడల్పు 4తో తెగని అంకెకి మార్చమనండి. కెమెరా ఒప్పుకోకపోతే ఆ వెడల్పున్న రా ఫైలైనా (కెమెరా బైట్లు ఉన్నవి ఉన్నట్టు దాచిన ఫైలు) తెరిపించండి. చాలాసేపు ఆపకుండా నడిపించండి కూడా. ఎందుకంటే డాట్‌నెట్, క్యూటీ రెండింటిలోనూ పాయింటర్ (డేటా మెమరీలో ఎక్కడుందో చెప్పే చిరునామా) ఇచ్చి బొమ్మ కట్టిస్తే డేటా కాపీ అవదు. బొమ్మ వాడకంలో ఉండగానే ఆ మెమరీని వదిలేస్తే ప్రోగ్రాం ఎప్పుడో ఒకప్పుడు కూలుతుంది. సోర్స్ కోడ్ (ప్రోగ్రాం రాసిన అసలు లైన్లు) ఇస్తామని బిల్లు మీదే రాయించుకోండి. మిగతా డబ్బు మీ షెడ్డులో బొమ్మ సరిగ్గా వచ్చాకే కట్టండి.