నడిసముద్రంలో ఇంధనం, సరుకులు: పక్కపక్కన నడుస్తూనా, వెనక నుంచా, హెలికాప్టర్‌తోనా? ఏది మేలు?

రేవు వదిలిన యుద్ధనౌకలో అన్నిటికన్నా ముందు తరిగేది ఇంధనం. ఆ తర్వాత కూరగాయలు. మందుగుండు ఎంత తరుగుతుందన్నది అవతలివాడి చేతిలో ఉంటుంది. రేవుకి తిరిగి రాకుండానే వీటిని నింపుకోవడానికి నౌకాదళాలకి మూడు దారులున్నాయి. సరఫరా నౌక పక్కనే సమానంగా నడుస్తూ గొట్టం అందుకోవడం ఒకటి. దాని వెనక చేరి, నీళ్లలో తేలుతూ వచ్చే గొట్టాన్ని పట్టుకోవడం రెండోది. వలలో కట్టిన సరుకుని హెలికాప్టర్‌కి వేలాడదీసి తెప్పించుకోవడం మూడోది.

ఏది మేలంటే చాలామంది నోట హెలికాప్టర్ పేరే వస్తుంది. చూడ్డానికి అదే అందరికన్నా ముందున్నట్టు కనిపిస్తుంది మరి. నేను మాత్రం ఒక్క ప్రశ్నతో తూచి చూస్తాను. ఈ పని జరుగుతున్నప్పుడు ఓడ ఎంతసేపు, ఎంత గట్టిగా కట్టుబడి ఉండాలి? ఇంకో ఓడకి ముడిపడిన యుద్ధనౌక ఇష్టమొచ్చినట్టు తిరగలేదు, వేగం మార్చలేదు. పొంచి ఉన్న జలాంతర్గామికి అంతకన్నా తేలికైన గురి దొరకదు.

పక్కపక్కన నడిచే పద్ధతికి నూరేళ్లు దాటాయి. 1917 మే నెలలో అమెరికా ట్యాంకర్ మౌమీ, బ్రిటన్ వైపు వెళ్తున్న డిస్ట్రాయర్లనే వేగమైన యుద్ధనౌకలకి అట్లాంటిక్ మధ్యలో నడుస్తూనే ఇంధనం ఎక్కించింది. ఆ ట్యాంకర్‌లో కెప్టెన్ తర్వాతి అధికారి చెస్టర్ నిమిట్జ్. పాతికేళ్ల తర్వాత జపాన్ మీద పసిఫిక్ నౌకాదళాన్ని నడిపించింది ఆయనే. ఆ యుద్ధంలో అమెరికా విమాన వాహక నౌకలు వారాల తరబడి రేవు ముఖం చూడకుండా తిరగగలిగాయంటే ఈ విద్య చలవే.

పని ఇలా సాగుతుంది. సరఫరా నౌక ఒక దిశ, ఒక వేగం ఎంచుకుని వాటి మీదే నిలబడుతుంది. వేగం సాధారణంగా 12 నుంచి 16 నాట్లు, అంటే గంటకి సుమారు 22 నుంచి 30 కిలోమీటర్లు. ఎర్రటి గుడ్డ మీద పసుపు శిలువ ఉన్న 'ఆర్' జెండాని సగం ఎత్తులో ఉంచితే సిద్ధమవుతున్నామని, పూర్తిగా పైకి లాగితే రమ్మని అర్థం. తీసుకునే ఓడ కొంచెం ఎక్కువ వేగంతో వెనక నుంచి వచ్చి, పక్కకి చేరాక వేగం తగ్గించి దానికి సమానంగా నిలుస్తుంది. మధ్యలో ఖాళీ 30 నుంచి 60 మీటర్లు. రెండూ వేల టన్నులవే, రెంటికీ బ్రేకులుండవు.

ఈల మోగగానే డెక్ మీదివాళ్లంతా చాటుకి తప్పుకుంటారు. ఒక ఓడ నుంచి తుపాకీతో సన్నటి దారం పేలుస్తారు. ఆ దారం కొసకి తాడు, తాడు కొసకి మోకు, మోకు కొసకి ఉక్కు తీగమోకు. అలా ఒకటి లాగితే ఇంకొకటి వస్తుంది. తీగమోకు బిగిశాక దాని మీద వేలాడుతూ ఇంధనం గొట్టం దాటుతుంది. గొట్టం మూతికి ఉన్న ప్రోబ్ అవతలి ఓడలోని గరాటులో దూరి లాక్ అవుతుంది. ఓడలు అటూ ఇటూ ఒరుగుతుంటే తీగమోకు తెగకుండా, అలాగని నీళ్లలోకి జారకుండా చూసేది సరఫరా నౌకలోని టెన్షనర్. అది పడకేసిందంటే మిగతా సరంజామా అంతా దండగ.

ఇందులో నాకు బాగా నచ్చేది దూరం చూపించే తాడు. దాని పొడవునా రంగురంగుల చిన్న జెండాలు కట్టి ఉంటాయి, రాత్రయితే దీపాలు. ఆ తాడుని రెండు కొసలా బిగించి కట్టరు. ఓడలు దూరమైతే వదులుతూ, దగ్గరైతే లాగుతూ మనుషులే చేత్తో పట్టుకుని నిలబడతారు. బ్రిడ్జి మీద కెప్టెన్ ఆ జెండాలు చూసే దూరం పసిగడతాడు. రాడార్లు, లేజర్లు వచ్చినా ఆ తాడు పోలేదు.

అసలు టెన్షన్ నీళ్లతో. రెండు ఓడల పొట్టల మధ్య ఇరుకులో నీళ్లు జోరుగా పరుగెత్తడంతో అక్కడ ఒత్తిడి పడిపోయి, ఓడలు ఒకదాన్నొకటి లాక్కోవాలని చూస్తాయి. ముందు, వెనక కొసల దగ్గరేమో ఒత్తిడి పెరిగి తోస్తుంది. పక్కకి చేరే ఓడ ఈ రెంటినీ వరసగా దాటాలి. అందుకే చుక్కాని దగ్గర చేయి తిరిగినవాడినే నిలబెడతారు. దిశ డిగ్రీ డిగ్రీగా సరిచేస్తారు. ఇన్నేళ్ల అనుభవం ఉన్నా ప్రమాదాలు ఆగలేదు. 2012 మేలో కాలిఫోర్నియా తీరానికి దూరంగా అమెరికా నౌక ఎసెక్స్ తన సరఫరా నౌక యూకాన్‌ని గుద్దింది. 2019 ఫిబ్రవరిలో లేటీ గల్ఫ్, రాబర్ట్ ఇ. పియరీ అనే మరో రెండు నౌకలు ఇదే పనిలో రాసుకున్నాయి. రెండుసార్లూ ఎవరికీ గాయాలు కాలేదు.

ఇక మనుషుల ఖర్చు. ఈ పద్ధతికి డెక్ మీద చాలా చేతులు కావాలి. తాళ్లు లాగేవాళ్లు, వించీల దగ్గరివాళ్లు, సైగలు చేసేవాళ్లు, ఫోన్ పట్టుకున్నవాళ్లు, గొడ్డలితో సిద్ధంగా నిలబడ్డవాడు. హెల్మెట్, లైఫ్ జాకెట్ తప్పనిసరి. వేలికి ఉంగరం ఉండకూడదు. చుట్టగా పడి ఉన్న తాడు మధ్యలో కాలు పెట్టకూడదు. బిగిసిన మోకు తెగితే ఎటు కొడుతుందో ఆ దారిలో నిలబడకూడదు. వంద మందికి మించని చిన్న ఓడలో ఇంత బలగాన్ని రాత్రి రెండింటికి డెక్ మీదకి తేవడమంటే మర్నాడు వాళ్లు దేనికీ పనికిరారన్నమాటే.

ఇంత తతంగమెందుకంటే, వేగం కోసం. మన తూర్పు నౌకాదళంలో ఉన్న ఐఎన్‌ఎస్ శక్తినే చూడండి. 2011లో ఇటలీ నుంచి వచ్చిన 27,500 టన్నుల నౌక. గంటకి 1,500 టన్నుల దాకా ఇంధనం తోడగలదు. తీసుకునే ఓడ గొట్టాలు అంత తట్టుకోలేకపోవచ్చు గానీ, ఫ్రిగేట్ అనే మధ్యరకం యుద్ధనౌకకి 400 టన్నులు కావాలనుకుంటే తాళ్లు కట్టడం, విప్పడం కలుపుకున్నా ఒకటి రెండు గంటల్లో తేలిపోయే పని. పైగా సరఫరా నౌకకి కుడి ఎడమల రెండు చేతులున్నట్టే, ఒకేసారి రెండు ఓడలు తీసుకోవచ్చు. ముప్పు కనబడితే అత్యవసరంగా విడిపోయే పద్ధతి ఉంది. పంపు ఆపి, ప్రోబ్ విడిపించి, తీగమోకు పట్టుకున్న స్లిప్‌ని (చటుక్కున విడిపోయే కొక్కేన్ని) సుత్తితో కొట్టి నిమిషాల్లో విడిపోతారు. గట్టిగా కట్టుబడి ఉంటారు నిజమే, కానీ కొద్దిసేపే.

వెనక నుంచి తీసుకునే పద్ధతి దీనికి తిరగబడిన లెక్క. ట్యాంకర్ తన వెనక పొడవాటి గొట్టాన్ని తేలేలా వదులుతుంది. వెనక వచ్చే ఓడ కొక్కెం విసిరి దాని తాడు అందుకుని, గొట్టం మూతిని తన ముందు డెక్ మీదకి లాక్కుని బిగించుకుంటుంది. తర్వాత నీళ్లలో తేలుతున్న గుర్తుని చూసుకుంటూ వెంట నడవడమే. పక్కన ఇంకో ఓడ లేదు, లాక్కునే నీళ్లు లేవు, దిశ నాలుగు డిగ్రీలు తప్పినా కొంప మునగదు. సముద్రం పొంగి పక్కపక్క పద్ధతి చేతులెత్తేసిన రోజున కూడా ఇది చాలాసేపు నడుస్తుంది. మామూలు వాణిజ్య ట్యాంకర్‌కి కూడా పెద్ద మార్పులు లేకుండా ఈ సరంజామా అమర్చుకోవచ్చు. సోవియట్ నౌకాదళం చాలాకాలం దీని మీదే బతికింది. 1971లో బోరిస్ చిలికిన్ తరగతి సరఫరా నౌకలు వచ్చాకే పక్కపక్క పద్ధతి వాళ్లకి పూర్తిగా అందింది.

లోటు ఎక్కడంటే, గొట్టం ఒక్కటే, ఓడా ఒక్కటే, ఇచ్చేదీ ఇంధనం ఒక్కటే. బియ్యం బస్తా గానీ ఫిరంగి షెల్ గానీ ఈ దారిన రాదు. తోడే వేగం తక్కువ. పని అయ్యాక గొట్టంలో మిగిలిన నూనెని ఊదేసి మళ్లీ చుట్టుకోవడానికి ఇంకా సమయం. వాతావరణం బాగోలేనప్పుడు పనికొస్తుందని పొగిడాను గానీ ఒక మెలిక ఉంది. ఎదురు అలల్లో ఓడలో అన్నిటికన్నా ఎక్కువగా ఎగిరి పడేది, తడిసేది ముందు డెక్కే. సరిగ్గా అక్కడే సెయిలర్లు గొట్టం బిగించాలి.

హెలికాప్టర్‌కి వద్దాం. దీని గొప్ప ఒక్క మాటలో చెప్పొచ్చు: ఓడలు అసలు కట్టుబడవు. మైళ్ల దూరంలో ఉన్నా, వేరే దిశల్లో పోతున్నా సరుకు వస్తుంది. సరఫరా నౌక డెక్ మీద వలల్లో సర్దిన పాలెట్లు, వాటి నుంచి లేచిన బెల్టు, హెలికాప్టర్ కింద కొక్కెం. అమెరికావాళ్లు 1960లలో సీ నైట్ హెలికాప్టర్లతో దీన్ని రోజువారీ పని చేసేశారు. ఇప్పుడు వాళ్ల ఎంహెచ్-60ఎస్ హెలికాప్టర్ కొక్కెం 4 టన్నుల దాకా మోస్తుంది. మన చేతక్ లాంటి పాత చిన్న హెలికాప్టర్‌కి 750 కిలోలే హద్దు.

డెక్ మీద మాత్రం ఇది తీరికైన పని కాదు. ముందుగా వరసగా నడుస్తూ డెక్ అంతా వెతికి, మేకు ముక్క నుంచి ప్లాస్టిక్ కవరు దాకా ఏరేయాలి. రెక్కల గాలికి టోపీ ఎగిరి ఇంజిన్‌లోకి పోయినా చాలు, కథ ముగిసినట్టే. గాల్లో తిరిగిన హెలికాప్టర్‌కి స్థిర విద్యుత్తు పట్టి ఉంటుంది కాబట్టి, కొక్కెం తాకేముందు ఒకరు రబ్బరు గ్లౌజులతో కడ్డీ పెట్టి ఆ విద్యుత్తుని ఓడలోకి దింపేయాలి. మరొకరు వంగి బెల్టు తగిలించి, పైలట్‌కి కనబడేలా పక్కకి పరుగెత్తాలి. ఇంజిన్ మొరాయిస్తే పైలట్ మొదట చేసేది బరువు వదిలేయడమే. అందుకే వేలాడే సరుకు కింద ఎవరూ ఉండకూడదు.

ఇంధనం దగ్గర హెలికాప్టర్ లెక్క తప్పుతుంది. ఇందాకటి 400 టన్నులనే రెండేసి టన్నుల చొప్పున తెస్తే 200 సార్లు తిరగాలి. తెచ్చేదాంట్లో కొంత తానే తాగేస్తుంది. కాబట్టి ఉత్తరాలు, విడిభాగాలు, ఉల్లిపాయలు, షెల్స్ దీని వాటా. ఇంధనం కాదు.

ఇంకో మాట. హెలికాప్టర్లలో ఒకదానికి లోపం అనుమానం వస్తే ఆ రకమంతా ఒకేసారి నేల మీద ఉండిపోతుంది. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్ ధ్రువ్ కూలాక జరిగింది అదే, ఆ హెలికాప్టర్లన్నిటినీ నిలిపేశారు. 2024 మార్చిలో కొచ్చిలో స్క్వాడ్రన్‌గా చేరిన ఎంహెచ్-60ఆర్ నౌకాదళ హెలికాప్టర్లు ఉన్నాయి కదా అంటారేమో. అవి జలాంతర్గాముల్ని వేటాడటానికి కొన్నవి. వాటితో కూరగాయలు మోయిస్తే ఆ కాసేపు వేట ఆగుతుంది.

నా తూకం ఇదీ. విమాన వాహక నౌక, డిస్ట్రాయర్లు కలిసి తిరిగే పెద్ద దళానికి పక్కపక్క పద్ధతే మేలు, రెండో ఆలోచన లేదు. హెలికాప్టర్ దానికి పోటీ కాదు, తోడు. గొట్టం ఒకవైపు ఇంధనం నింపుతుంటే పైనుంచి సరుకు దిగితే, కట్టుబడి ఉండే సమయం తగ్గుతుంది. కోస్ట్ గార్డ్ గస్తీ ఓడలకి, అద్దెకి తెచ్చుకున్న వాణిజ్య ట్యాంకర్లకి, తక్కువ మందితో నడిచే ఓడలకి మాత్రం వెనక నుంచి పద్ధతే నయం. దాన్ని పాతకాలపుదని పక్కన పెట్టేసి సాధన మానేయడం నాకు సరిగ్గా అనిపించదు. పొంగిన సముద్రంలో ఇంధనం అడుగంటిన రోజున ఆ ఒక్క గొట్టమే దిక్కవుతుంది.

మన దగ్గర డబ్బు వెళ్తున్న దారి కూడా ఇటే. 2023 ఆగస్టులో విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డుకి ఐదు సరఫరా నౌకలు కట్టమని సుమారు 19,000 కోట్ల ఆర్డర్ ఇచ్చారు. ఒక్కొక్కటి 44,000 టన్నులు. మొదటిదానికి ఉక్కు కోత 2024 ఏప్రిల్‌లో మొదలైంది.

క్షిపణుల సంగతి మిగిలింది. నిలువు గొట్టాల్లో పెట్టే క్షిపణులు అయిపోతే ఇన్నాళ్లూ రేవుకే పోవాల్సి వచ్చేది, ఆ పొడవాటి డబ్బాల్ని ఊగే ఓడలో నిలబెట్టి దించడం కష్టం కాబట్టి. 2024 అక్టోబర్‌లో శాన్ డియాగో దగ్గర క్రూజర్ రకం అమెరికా యుద్ధనౌక చోజిన్, సరఫరా నౌక వాషింగ్టన్ చాంబర్స్ పక్కన నడుస్తూ ఒక ఖాళీ క్షిపణి డబ్బాని అందుకుని తన గొట్టంలోకి దించి చూపించింది. ఆ డబ్బా ఓడ నుంచి ఓడకి దాటింది హెలికాప్టర్ కింద కాదు, తీగమోకు మీద.