ఆటగాళ్లకు పాదం ఎముక ఆపరేషనా? ప్యాకేజీ చూసి డబ్బు కట్టకండి

పిల్లల్ని కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్ ఆడిస్తున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. పాదం బయటివైపు, చిటికెన వేలి వెనక ఉండే పొడవాటి ఎముక మొదలుకు కాస్త ముందు విరిగితే జోన్స్ ఫ్రాక్చర్ అంటారు. అక్కడ రక్తప్రసరణ తక్కువ, అంత తేలిగ్గా అతుక్కోదు. అదే ఎముక మొదట్లో కొన మాత్రం ఊడితే చాలావరకు ఆపరేషనే అక్కర్లేదు. మీవాడిది ఈ రెండిట్లో ఏదో ముందు స్పష్టంగా చెప్పించుకోండి.

మా తమ్ముడు కబడ్డీ రైడర్. వాడిది జోన్స్ ఫ్రాక్చరే, స్క్రూ వేయడం సబబే. కానీ ఆ ప్రైవేటు ఆస్పత్రి ప్యాకేజీ బిల్లులో ‘ఇంప్లాంట్ చార్జీలు’ (అంటే లోపల వేసిన స్క్రూ ఖర్చు) అని ఒక్కటే లైను. సైజు లేదు, కంపెనీ పేరు లేదు, ఫైల్లో అంటించాల్సిన స్క్రూ వివరాల స్టిక్కరూ లేదు. ఆరు వారాలకు నొప్పి లేదన్నాడని, ఎక్స్‌రే కూడా తీయకుండా ఇక ఆడుకోవచ్చని పంపేశారు. ప్రాక్టీసులో ఒక్కసారి గట్టిగా మలుపు తిరిగాడు, అదే చోట మళ్లీ విరిగింది.

రెండో డాక్టరు ఎక్స్‌రేని లైటు మీద పెట్టి చూపించారు. ఎముక బయటి అంచున నల్లటి గీత, దాని దగ్గరే వంగిపోయిన స్క్రూ. ఆటగాళ్లకు సాధారణంగా 4.5 మిల్లీమీటర్లు, లేదా ఎముక లోపల బిగుతుగా పట్టేలా ఇంకా లావుది వేస్తారట. వీడికి వేసింది సన్నది. అది తీసి, తుంటి ఎముక నుంచి గ్రాఫ్ట్ (అతుక్కోవడానికి పెట్టే ఎముక ముక్క) తెచ్చి పెట్టి, లావు స్క్రూ బిగించారు. ఖర్చు మొదటిదాన్ని మించిపోయింది, వాడి సెలక్షన్స్ కూడా పోయాయి. ఇంట్లో అందరికీ ఇంకా అదే టెన్షన్.

ఎంత మంచి వైద్యం దొరికినా ఈ ఎముక తిప్పలు పెట్టగలదు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కెవిన్ డురాంట్‌కు 2014 అక్టోబరులో స్క్రూ వేస్తే, దాని తల పక్క ఎముకకు రాసుకుంటోందని 2015 ఫిబ్రవరిలో మార్చారు. మార్చిలో గ్రాఫ్ట్ కూడా పెట్టాల్సి వచ్చింది. అందుకే ‘నూరు శాతం గ్యారంటీ’ అనే చోట అడ్వాన్సు కట్టకండి.

కట్టేముందు ఏ స్క్రూ, ఎంత సైజు అన్నది కాగితం మీద రాయించుకోండి. డిశ్చార్జి రోజు స్టిక్కర్ అడిగి తీసుకోండి. విటమిన్ డి పరీక్ష చేయించండి. నొప్పి లేదన్న ఒక్క మాట మీద గ్రౌండులోకి దించొద్దు, ఎక్స్‌రేలో అతుకు కనిపించాలి. అనుమానం ఉంటే సీటీ స్కాన్ అడగండి.