సాల్ట్ స్ప్రింగ్ దీవిలో గంజాయి నాటకం, మా బస తిప్పలు

వ్యాంకూవర్ నుంచి సాల్ట్ స్ప్రింగ్ దీవికి నేనూ మా తమ్ముడూ వెళ్ళింది ఒక నాటకం కోసం. గంజాయి పండించి బతికిన దీవి కుటుంబం కథ. స్టేజీ లేదు, కుర్చీలు లేవు, పాత కొట్టంలో ప్రేక్షకులే కూలీలు. "అక్కా, అమ్మకి మాత్రం చెప్పకు" అన్నాడు వాడు. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధమే, బ్రిటిష్ కొలంబియాలో 19 ఏళ్ళు నిండినవాళ్ళు ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు, అయినా అమ్మకి చెప్పలేదు.

వ్యాంకూవర్ దగ్గరి త్సవాసెన్ రేవు నుంచి దీవిలోని లాంగ్ హార్బర్ రేవుకి రోజుకి కొద్ది పడవలే, టైము చూసుకోకపోతే అంతే సంగతులు. శనివారం దిగితే గాంజెస్ ఊళ్ళో సంత ఉంటుంది (ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా), మేక పాల చీజ్ వదలకండి.

ఇక నాటకం. లోపలికి వెళ్ళగానే చేతికో కత్తెర ఇచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ముందున్నది గంజాయి కాదు, దాని చుట్టం, బీరులో వేసే హాప్స్. ఆకు కత్తిరించి పువ్వు మిగల్చాలి. పది నిమిషాలకే వేళ్ళు బంక, కత్తెర తెరుచుకోదు, ఎదురుగా ముసలావిడ వేషం వేసినావిడ నా కుప్ప చూసి "ఈ లెక్కన ఇవాళ నీకు భోజనం లేదమ్మాయ్" అంది. ఇంతలో పోలీసు హెలికాప్టర్ చప్పుడు, లైట్లన్నీ ఆరిపోయాయి, అందరం బల్ల కిందికి! నా మోకాలు ఇంకా నొప్పే. మగమొక్కలు ఉంటే పువ్వు గింజ పట్టి పాడవుతుందని తల్లి కొడుకు చేత వాటిని పీకించే సీను మాత్రం మాటల్లేకుండా నడిచింది, అక్కడ తమ్ముడు కూడా ఫోన్ మర్చిపోయాడు. చట్టం వచ్చాక ధర పడిపోయి, లైసెన్సు కాగితాలతో చిన్న రైతులు పడే అవస్థ చెప్పే రెండో సగం ఉపన్యాసంలా సాగింది.

బస దగ్గర దెబ్బతిన్నాం. చవక కదా అని దీవి దక్షిణాన ఫుల్‌ఫర్డ్ వైపు అడవిలో గది తీసుకున్నాం. గది శుభ్రమే, ఎండాకాలం దీవిలో నీళ్ళకి కటకట కాబట్టి స్నానం త్వరగా ముగించమని గోడ మీద చీటీ, అదీ సబబే. కానీ షో పదికి అయింది, బస్సు లేదు, టికెట్‌తో పాటు ఉంటుందని చెప్పిన వ్యాను గాంజెస్ దగ్గర దింపేసి వెళ్ళిపోయింది. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే గాంజెస్‌లోనే గది తీసుకునేవాళ్ళం, కారు లేనివాళ్ళు అదే చేయండి.

దీపాల్లేని రోడ్డు మీద ఫోన్ లైటుతో నడుస్తుంటే వెనక ఒక ట్రక్కు ఆగింది. నాటకంలో పోలీసు వేషం వేసినాయనే, యూనిఫాం కూడా మార్చలేదు. గది దాకా దింపి, "మీ ఇంట్లో నాలుగే కదా మొక్కలు?" అన్నాడు. మా ఇంట్లో ఉన్నది ఒక్క కరివేపాకు మొక్కే అన్నాను.