టామహాక్‌కి ఏ స్టీలు? ఆరేళ్ల వాడకం తర్వాత

నా దగ్గర మూడు టామహాక్‌లు (చేత్తో నరకడానికీ విసరడానికీ వాడే చిన్న గొడ్డళ్లు) ఉన్నాయి. ఒకటి లారీ కమాన్ పట్టీ అంచుది, రెండోది ఈఎన్8 అనే మధ్యరకం కార్బన్ స్టీలు కడ్డీది, మూడోది పాత బాల్‌పీన్ సుత్తిని సాగదీసి చేసింది. మూడు తలలూ 450, 500 గ్రాముల మధ్యే ఉంటాయి. అంచు 80 మి.మీ., కామ 48 సెం.మీ. ఎండు తుమ్మ కొమ్మలు నరకడం, వెదురు చీల్చడం, మొద్దు మీదకి విసరడం వీటి పని. మొదటి స్థానం కమాన్ పట్టీదే. చేసేటప్పుడు అందరికంటే ఎక్కువ ఏడిపించిందీ అదే.

స్టీలు వెతికేవాళ్లు ముందు కార్బన్ అంకె చూస్తారు. కత్తికైతే సరే. టామహాక్ ప్రతి దెబ్బకీ అదురు తింటుంది, విసిరినప్పుడు ఒక్కోసారి అడ్డంగా కూడా తగులుతుంది. 1.2 శాతం కార్బన్ ఉన్న పాత ఆకురాయితో తల మొత్తం చేస్తే ముడి తగిలిన చోట అంచు పెంకులా ఊడుతుంది. డీ2 అనే ఎక్కువ కార్బన్ టూల్ స్టీలు కూడా ఇక్కడ అలాంటిదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కత్తులకి పేరు మోసింది, కార్బన్ ఎక్కువుండే ఆ ఉక్కుని గొడ్డలికి వాడాలన్న ఆలోచనే వద్దు. 0.5 నుంచి 0.6 శాతం చాలు. కమాన్ పట్టీల్లో వాడే 5160, సప్9, ఈఎన్45 రకాలు సరిగ్గా ఈ మధ్యలోనే ఉంటాయి. మొదటి రెండింట్లో క్రోమియం, మూడోదాంట్లో సిలికాన్ కలుస్తాయి. మూడూ నూనెలోనే గట్టిపడతాయి.

ఈఎన్8లో కార్బన్ 0.4 దగ్గరే. పెంకు ఊడదు కానీ ఎండు తుమ్మ ముడికి అంచు మడత పడుతుంది. రెండు గంటల పనికి ఒకసారి ఆకురాయి పట్టాల్సిందే. విసరడానికి మాత్రం దీన్నే తీసుకుంటాను: రాయికి తగిలి అంచు వంగితే సుత్తితో సరిచేసి రుద్దుకోవచ్చు. టీఎంటీ కడ్డీ, మైల్డ్ స్టీలు తలకి దండగ, గట్టిపడేంత కార్బన్ వాటిలో లేదు. రైలు పట్టాల దగ్గర దొరికే పాండ్రోల్ క్లిప్పులు (పట్టాని స్లీపర్‌కి బిగించేవి) మంచి స్ప్రింగ్ స్టీలే, కానీ దగ్గర ఉంచుకోవడమే 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం కింద నేరం. పాత ఇనుము కొట్లో కనిపించినా ముట్టుకోవద్దు.

సుత్తి సంగతి: కామ దూర్చే కన్నం రెడీగా ఉంటుంది, అదే సుఖం. పోత సుత్తి అయితే మాత్రం కొలిమిలో నుంచి తీసి మొదటి దెబ్బ వేయగానే బిస్కెట్‌లా విరుగుతుంది.

తెలియని స్టీలు ఏదైనా ముందు చిన్న ముక్క కోసి చూడండి. ఎర్రగా కాల్చి, అయస్కాంతం పట్టడం మానాక నూనెలో ముంచి, వైస్‌లో పెట్టి, గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని కొట్టాలి. వంగితే కార్బన్ లేదు. విరిగి లోపల సన్నటి బూడిదరంగు కనిపిస్తే పనికొస్తుంది. పంచదార పలుకుల్లా మెరిస్తే ఎక్కువ కాల్చారని అర్థం.

కమాన్ పట్టీతో అసలు చిక్కు కన్నం దగ్గరే. 12 మి.మీ. పట్టీకి నిలువునా కన్నం పొడిస్తే గోడలు పల్చబడి చీలతాయి. అమెరికా తూర్పు అడవుల తెగలకి వర్తకులు అమ్మిన పాత టామహాక్‌లలో చాలావాటికి మెత్తటి ఇనుమును మడిచి కన్నం చేసి, అంచుకి మాత్రం ఉక్కు ముక్క అతికేవారు. మన కమ్మరులు గొడ్డలికి చేసిందీ అదే. ఇక్కడా ఆ దారే పట్టాను: 40×6 మి.మీ. మైల్డ్ స్టీలు పట్టీ 180 మి.మీ. ముక్క, మధ్యలో 32×20 మి.మీ. కోడిగుడ్డు ఆకారపు ములుకు చుట్టూ మడత, మడిచిన రెండు చెంపల మధ్య 7 మి.మీ.కి పల్చబరిచిన కమాన్ ముక్క 15 మి.మీ. లోపలికి. బోరాక్స్ వేసి కొలిమిలో అతికిద్దామంటే క్రోమియం పొర అడ్డుపడుతుంది, పైకి అతికినట్టుంటుంది, పది దెబ్బలకి పొర లేస్తుంది. 250 డిగ్రీలకి ముందే వేడిచేసి, ఆరబెట్టిన 7018 రాడ్‌తో వెల్డింగ్ చేసి, బూడిదలో పూడ్చి నెమ్మదిగా చల్లార్చితే నిలిచింది. చల్లటి ముక్కకి వెల్డింగ్ పెడితే మర్నాటికి అతుకు పక్కనే వెంట్రుక వాసి పగులు.

పగుళ్లు పట్టీలోనే ముందే ఉండొచ్చు. కిరోసిన్ రాసి, పావుగంట ఆగి, తుడిచి, సుద్దపొడి చల్లితే పగులున్న చోట తడి గీత బయటికొస్తుంది. గీత ఉన్న పట్టీ అవతల పారేయండి.

గట్టిపరచడం అంచు వైపు 35 మి.మీ. వరకే. అయస్కాంతం వదిలాక ఇంకొక్క ఛాయ ప్రకాశం పెరిగే దాకా, అంటే 830, 850 డిగ్రీల మధ్యకి కాల్చి, 55 డిగ్రీలకి వెచ్చబెట్టిన వేరుశనగ నూనెలో నిలువుగా దించాలి. ఐదు లీటర్లకి తక్కువ వద్దు. నీళ్లలో ముంచితే టింగుమని చప్పుడు, అంతే సంగతులు. వెంటనే 250 డిగ్రీల ఓవెన్‌లో గంట చొప్పున రెండుసార్లు. ఇంటి ఓటీజీ సరిపోతుంది, కానీ దాని డయల్‌ని నమ్మకుండా లోపల థర్మామీటర్ పెట్టండి. బయటికి తీశాక రుద్దిన అంచు కంచు రంగులో ఉండాలి. లేత గడ్డిరంగుంటే ఇంకా పెళుసే.

కామ చిరుమానుది. పికాసుకి ఎక్కించినట్టే పైనుంచి దించుతాం కాబట్టి కన్నం పైన కాస్త వెడల్పు, కింద ఇరుకు ఉండాలి. అంచు రెండు వైపులా కలిపి 30 డిగ్రీలు. 25 పెట్టి చూస్తే వెదురు బాగా చీలింది, తుమ్మ ముడికి మాత్రం రెండు చోట్ల గాటు పడింది. 30కి మార్చాక మళ్లీ పడలేదు.