తప్పుగా పడ్డ ఈ-చలానా: ఆన్‌లైన్ ఫిర్యాదు పనిచేస్తుందా?

పనిచేస్తుంది. కాకపోతే చలానాతో పాటు ఫొటో ఉండాలి, మనకి ఓపిక ఉండాలి. మా ఇంట్లో బళ్ల చలానాలతో పాటు వైజాగ్ మర్రిపాలెంలో మా వీధివాళ్ల చలానాలు కూడా కొన్నేళ్లుగా నేనే చూసిపెడుతున్నాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

నేను చూసినవాటిలో ఎక్కువ భాగం నంబరు తప్పు చదివినవే. ఒకప్పుడు ఏపీ 31 అంటే వైజాగ్ బండి అని చూడగానే తెలిసిపోయేది. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 సిరీస్ వచ్చింది. ఇప్పుడు రాయలసీమలో ఎక్కడో తిరిగే బండికీ ద్వారకానగర్‌లో పార్క్ చేసిన నా బండికీ ఒక్క అంకె తేడా ఉండొచ్చు.

నాకు పడిన చలానా అలాంటిదే. వేరే జిల్లాలో, నేను ఎప్పుడూ వెళ్లని ఊళ్లో హెల్మెట్ లేకుండా నడిపానని వచ్చింది. వెయ్యి రూపాయల జరిమానా, పైన 35 యూజర్ చార్జీలు. మా నాన్నగారు "వెయ్యి రూపాయల కోసం ఈ తిరుగుడు ఎందుకమ్మా, కట్టేసి ఊరుకో" అన్నారు. చాలామంది చేసేదీ అదే. నేను మాత్రం ఒప్పుకోను. కట్టామంటే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టే. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194డి ప్రకారం హెల్మెట్ కేసులో జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత కూడా ఉంది. చేయని తప్పు నా పేరు మీద ఎందుకుండాలి?

ముందు ఆ రోజు ఆఫీసులోనే ఉన్నానని హాజరు కాగితం జతచేసి ఫిర్యాదు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఆలోచిస్తే కారణం అర్థమైంది. చలానా బండి మీద వేస్తారు. నేను ఆఫీసులో ఉన్నా నా బండి ఇంకొకరి దగ్గర ఉండొచ్చు కదా. కాబట్టి ఫొటోలో ఉన్నది నా బండి కాదని చూపించాలి.

ఫొటో పెద్దది చేసి చూశాను. నల్ల బైకు, పెట్రోలు ట్యాంకు మీద బియ్యం బస్తా. నంబరు ప్లేటు కింది అంచు లోపలికి వంగి ఉంది. చివరి అంకె 3కి ఎడమవైపు బురద అంటుకుని అచ్చం 8లా కనిపిస్తోంది. నాది బూడిద రంగు యాక్టివా. ఆర్సీలో కంపెనీ, మోడల్, రంగు అన్నీ రాసే ఉంటాయి. చలానా ఫొటో, ఆర్సీ, ప్లేటు కనిపించేలా తీసిన నా స్కూటర్ ఫొటో, మూడూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి, కింద రెండే లైన్లు రాసి మళ్లీ పంపాను.

ఈసారి కూడా స్టేటస్ చాలా రోజులు పెండింగ్ అనే చూపించింది. చలానా వేసిన స్టేషన్‌కి ఫోన్ చేసి అదే పేజీ పంపాకే కదలిక వచ్చింది. అవతల మాట్లాడినాయన మర్యాదగానే, "మీ బండి కాదు మేడమ్, నంబరు ఎక్కించడంలో పొరపాటు జరిగింది, తీయించేస్తాం" అన్నారు. తీయించారు కూడా. అప్పటి నుంచి ఎవరికి తప్పు చలానా పడినా ముందు ఆన్‌లైన్‌లో పెట్టి ఫిర్యాదు నంబరు తీసుకుంటాను, ఆ నంబరు చెప్పి ఫోన్ చేస్తాను. నంబరు లేకుండా ఫోన్ చేస్తే ఆన్‌లైన్‌లో పెట్టుకోమంటారు.

నాకు నచ్చనిది ఒకటుంది. చలానా ఎందుకు తీసేశారో, ఎందుకు తీయలేదో ఒక్క ముక్క కూడా రాయరు. అందుకని ప్రతి దశలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పెండింగ్ చలానా ఉంటే రేపు బండి అమ్మేటప్పుడు అడ్డం పడుతుంది.

కెమెరాతో పట్టుకున్న చలానాలకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నిబంధన బాగా పనికొస్తుంది. నోటీసు 15 రోజుల్లోపు పంపాలి, చలానా తేలేదాకా ఆ రికార్డు దాచి ఉంచాలి. ఫొటో కనపడకపోతే ఈ నిబంధన పేరు చెప్పి అడగండి.

పక్కింటి మాస్టారి సంగతి వేరు. అమ్మేసిన స్కూటర్ మీద గాజువాక నుంచి చలానాలు వస్తున్నాయి. ఓనర్‌షిప్ మారలేదు కాబట్టి రికార్డు ప్రకారం బండి ఆయనదే. అక్కడ ఫిర్యాదు నిలబడదు. ఓనర్‌షిప్ మార్చే ఫారం 29, 30 పని పూర్తిచేయించాల్సిందే.

వాట్సాప్‌లో చలానా అంటూ ఏపీకే (.apk) ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్ వస్తే తెరవకండి, అది మోసం. ఎవరైనా తెరిచి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ప్రస్తుతం మా మరిది కారు చలానా నడుస్తోంది. హైవే మీద సీటు బెల్టు పెట్టుకోలేదని వేశారు. పెట్టుకునే ఉన్నాడు. నల్ల చొక్కా మీద నల్ల బెల్టు కావడంతో ఫొటోలో కలిసిపోయింది. వెలుతురు పెంచి చూస్తే భుజం దగ్గర బెల్టు అంచు సన్నగా కనిపిస్తోంది. అదే పంపాం. తిరస్కరిస్తే కోర్టులో చెప్పుకుంటాం గానీ కట్టం అన్నాడు. నేనూ అదే అన్నాను.