ముప్పావు అంగుళం తెచ్చిన సుఖం, దాని వెనకే వచ్చిన ఖర్చు

స్కేట్‌బోర్డ్ డెక్ (మనం నిలబడే చెక్క) కొనేటప్పుడు ఏ కలప, ఎన్ని పొరలు, కింద బొమ్మ ఏముంది అని అందరూ చూస్తారు. ఏడాది పైగా 8.5 అంగుళాల వెడల్పు డెక్ వాడాక నేను మాత్రం ముందు బూటు సైజు చూసుకోమంటాను. నాది పదో నంబరు. పాత 7.75 డెక్ మీద ఎప్పుడూ మడమ ఒకవైపు, వేళ్లు ఇంకోవైపు బయటకు వేలాడేవి. కొత్తదాని మీద ఎక్కగానే పాదం మొత్తం ఆనింది. అబ్బ, ఇన్నేళ్లూ ఎందుకు అవస్థ పడ్డానా అనిపించింది.

మాది తిరుపతిలో ఎమ్మార్‌పల్లి వైపు. వీధిలో సిమెంటు రోడ్డే కానీ అడుగడుగునా అతుకులు. పాత బోర్డు మీద ఒక్కో అతుకు దాటేటప్పుడు పాదం దానంతటదే బిగుసుకునేది, ఇంటికొచ్చేసరికి అరికాలు గుంజేది. ఇప్పుడా టెన్షన్ లేదు. తెల్లవారుజామున కొండ వైపు చూసుకుంటూ తీరిగ్గా పోవచ్చు. వెడల్పు డెక్ కొత్త ఫ్యాషన్ అని ఒక ఫ్రెండ్ వెక్కిరించాడు. 1980ల్లో పది అంగుళాల డెక్కులే ఉండేవి, సన్నవి తర్వాత 90ల్లో వచ్చాయి అంటే నమ్మడు.

ఇంత పొగిడాను గానీ, మొదట్లో ఇదే డెక్ నన్ను కింద పడేసింది. డెక్ కింద చక్రాలను పట్టుకునే లోహపు భాగాన్ని ట్రక్కు అంటారు. ఆన్‌లైన్‌లో అమ్మినతను "ఏ ట్రక్కుకైనా సరిపోతుంది సార్" అన్నాడు. నిజమే, బోల్టు రంధ్రాలు చక్కగా కలిశాయి. నా పాత ట్రక్కులు 7.75 డెక్‌కు తగ్గవి కాబట్టి చక్రాలు మాత్రం రెండు వైపులా లోపలికి ఉండిపోయాయి, చెక్క అంచులు బయటికి వచ్చాయి. తిన్నగా పోతున్నంతసేపు ఏమీ తెలియలేదు. మా సందు చివర కాలువ మీద పరిచిన బండలు రోడ్డుకు జానెడు ఎత్తుంటాయి. వాటి మీద నుంచి ఓలీ (బోర్డుతో సహా ఎగరడం) వేసి దిగితే ముందు కాలు డెక్ నడిమికి కాకుండా వేళ్ల వైపు అంచు మీద పడింది. బల్ల చివర కూర్చుంటే రెండో వైపు లేస్తుందే, అట్లా మడమ వైపు చక్రాలు రెండూ లేచిపోయాయి. బోర్డు పక్కకు పోయింది, మోచెయ్యి గీరుకుపోయింది. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి లేపుతూ, "ఏం సామీ, ఈ వయసులో మీకిది అవసరమా?" అన్నాడు. ముప్పై దాటినవాడిని, ఏమని చెప్పను?

ట్రక్కుల నడిమి బోల్టులైన కింగ్‌పిన్‌ల నట్లు బిగించి చూశాను. ఊగడం తగ్గింది గానీ మలుపు తిరగడం మానేసింది, సందు మూల రాగానే దిగి చేత్తో తిప్పుకోవాల్సి వచ్చేది. అమ్మినతనికి ఫోన్ చేస్తే, "బోల్టులు పట్టాయి కదా సార్" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. డెక్ పేజీలో ఇంత వెడల్పుకు ఇంత యాక్సిల్ (చక్రాల ఇరుసు) కావాలి అని ఒక్క ముక్క రాస్తే అతని సొమ్మేం పోయింది? నా కోపమంతా దాని మీదే.

చివరికి ఇండిపెండెంట్ కంపెనీవి 149 మోడల్ ట్రక్కులు తెప్పించాను. యాక్సిల్ 8.5 అంగుళాలు, డెక్ వెడల్పుకు సరిగ్గా సరి. డెక్ కంటే వాటికే ఎక్కువ పెట్టాను. బిగించాక అదే బండ మీద నుంచి దిగితే ఈసారీ కాలు అంచుకే పడింది. పడ్డాననే అనుకున్నా. బోర్డు కొంచెం ఒరిగిందే తప్ప చక్రం లేవలేదు, ఒరిగిన వైపే మెల్లగా మలుపు తిరిగి ముందుకు పోయింది. అంచు కింద చక్రం ఉంటే ఇంత తేడా వస్తుందని అనుకోలేదు. పాదం ఆనినందుకు కలిగిన సంబరం కన్నా ఇదే పెద్ద సంబరం.

అయితే కాలితో విదిలించి బోర్డును గాల్లో ఒక చుట్టు దొర్లించే కిక్‌ఫ్లిప్ దగ్గర మాత్రం దీనితో ఇంకా పేచీనే. వెడల్పు చెక్క నిదానంగా తిరుగుతుంది, కాలు ఇంకాస్త గట్టిగా విదిలించాలి. పొద్దున ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు సరే. ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం మొదలుపెడితే సగం తిరిగి ఆగిపోయి పిక్కకు కొడుతుంది. స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని పోవడం కూడా కష్టమైంది, మోకాళ్లు ఎడంగా పెట్టుకోవాలి. పోయిన నవంబరు వానల్లో టెయిల్ (వెనక కొన) దగ్గర పొరలు కాస్త విచ్చుకున్నాయి. అది ఏ డెక్‌కైనా తప్పదు, వెడల్పును అనలేను.

ఎదురింటి అబ్బాయిది ఆరో నంబరు బూటు. ఎక్కి రెండు తోపులు తోసి, "అన్నా, ఇది కదలట్లేదు" అని దిగేశాడు. వాడికి 7.75 చాలు. నాలాగా కాళ్లు పెద్దవై, బరువు ఎనభై దాటి, ఫ్లిప్పులకన్నా తీరిగ్గా తిరగడం ఇష్టమైతే 8.5 తీసుకోవచ్చు, ట్రక్కుల డబ్బులు కూడా కలిపి లెక్కేసుకుంటేనే. ఈ టెయిల్ అరిగిపోయాక నేను 8.25 చూద్దామనుకుంటున్నా. ఇవే ట్రక్కులు దానికీ నడుస్తాయి, చక్రాలు కాస్త బయటికి వస్తాయంతే.